రీస్టార్ట్ కొట్టే ముందు షెల్‌లోకి తొంగి చూడండి

రాత్రి ఒంటిగంటకు పేజర్ మోగుతుంది. బెంగళూరులో, బెల్లందూరులోనో మారతహళ్ళిలోనో పీజీ గదిలో నిద్రకళ్ళతో లాప్‌టాప్ తెరిచిన మన కుర్రాళ్ళలో చాలామంది చేసే మొదటి పని నోడ్‌ను రీస్టార్ట్ చేయడం. గ్రాఫులు పచ్చబడతాయి, మళ్ళీ పడుకుంటారు. వారం తిరక్కుండా అదే అలర్ట్. ఈసారీ ఎవరి దగ్గరా ఆధారం ఉండదు. ఉన్నదంతా మెమరీలో ఉండేది, రీస్టార్ట్‌తో తుడిచిపెట్టుకుపోయింది.

ఎర్లాంగ్‌లో రాసిన సిస్టమ్ మీద ఇలా చేయడం మరీ దండగ. నడుస్తున్న నోడ్ లోపలికి వెళ్ళి, దాన్ని ఆపకుండానే, ఏ ప్రాసెస్ ఏం చేస్తోందో అడిగే వీలు ఆ భాషలోనే ఉంది. స్వీడన్‌లో ఎరిక్సన్ ల్యాబ్‌లో 1986 ప్రాంతంలో జో ఆర్మ్‌స్ట్రాంగ్, రాబర్ట్ విర్డింగ్, మైక్ విలియమ్స్ దీన్ని మొదలుపెట్టింది టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల కోసం. జనం ఫోన్లో మాట్లాడుతుండగా ఎక్స్‌ఛేంజీ ఆపి బగ్ వెతుకుతామంటే ఎవరూ ఒప్పుకోరు.

‘నేను జావా మనిషిని, ఎర్లాంగ్ నాకెందుకు’ అనకండి. రాబిట్‌ఎంక్యూ ఎర్లాంగ్‌లో రాసిందే. అవుటర్ రింగ్ రోడ్డు పొడవునా ఉన్న ఆఫీసుల్లో అది వాడని చోటు వెతకడమే కష్టం. ఈఎంక్యూఎక్స్ అనే ఎంక్యూటీటీ బ్రోకర్ కూడా అంతే. 2019 ప్రపంచకప్ సెమీఫైనల్లో భారత్-న్యూజిలాండ్ మ్యాచ్‌ను ఒకేసారి 2.53 కోట్ల మంది చూసిన హాట్‌స్టార్ ఉంది కదా, 5 కోట్ల సాకెట్ కనెక్షన్లు లక్ష్యంగా మెసేజ్‌లు పంపే వ్యవస్థను దాని ఇంజనీర్లు కట్టుకున్నది ఈ బ్రోకర్ మీదే. వాట్సాప్ సంగతి సరేసరి. కాబట్టి మీ కోడ్ ఏ భాషలో ఉన్నా, ఏదో ఒక రాత్రి ఈ షెల్ మీ ముందు తెరుచుకుంటుంది.

లోపలికి వెళ్ళే ముందు బయటికొచ్చే దారి తెలుసుకోండి. రిమోట్ షెల్ ఆప్షన్‌తో, సరైన కుకీతో కనెక్ట్ అయితే మీ కళ్ళముందు కనిపించేది మామూలు ప్రాంప్ట్. కానీ మీరు కొట్టే ప్రతి మాటా ప్రొడక్షన్ నోడ్ మీదే నడుస్తుంది. పని అయ్యాక అలవాటుగా క్విట్ కమాండ్ కొట్టారనుకోండి, అది నోడ్‌నే ఆపేయగలదు. కంట్రోల్-జి నొక్కితే వచ్చే చిన్న మెనూలో క్విట్ అనాలి, అప్పుడు మీరొక్కరే బయటికొస్తారు. అటాచ్ పద్ధతిలో వెళ్ళినవాళ్ళు కంట్రోల్-డి నొక్కాలి. అక్కడ కంట్రోల్-సి రెండుసార్లు నొక్కితే సర్వీసే పోతుంది. ఈ జాగ్రత్తలు కాగితం మీద రాసి మానిటర్‌కు అంటించుకోండి, నవ్వేవాళ్ళు నవ్వనివ్వండి.

ఇంకో రెండు చిన్న సంగతులు. ప్రతి కమాండ్ చివరా ఫుల్‌స్టాప్ పెట్టాలి. పెట్టకపోతే షెల్ ఏమీ అనకుండా ఊరుకుంటుంది, కొత్తవాళ్ళు నోడ్ హ్యాంగైందని కంగారుపడతారు. ఒకసారి విలువ ఇచ్చిన వేరియబుల్ మళ్ళీ మారదు. ఎఫ్ అక్షరం, ఖాళీ బ్రాకెట్లు కొడితే పాతవన్నీ మరిచిపోతుంది.

పుస్తకాల్లో మొదట నేర్పేది ఐ అనే ఒంటి అక్షరం కమాండ్. అన్ని ప్రాసెస్‌లనూ వరసపెట్టి చూపిస్తుంది. లాప్‌టాప్ మీద ముచ్చటగా ఉంటుంది. లక్షల ప్రాసెస్‌లున్న నోడ్ మీద దాని జోలికి పోవద్దు. ముందు ఖర్చులేని ప్రశ్నలు అడగండి. మొత్తం ప్రాసెస్‌లు ఎన్ని? మెమరీలో ప్రాసెస్‌ల వాటా ఎంత, బైనరీల వాటా ఎంత? సిస్టమ్ ఇన్ఫో, మెమరీ అనే రెండు ఫంక్షన్లు క్షణంలో చెప్పేస్తాయి. ఎక్కడ వెతకాలో అక్కడే సగం తేలుతుంది. ఆ తర్వాత రీకాన్. ఫ్రెడ్ హెబెర్ రాసిన ఈ లైబ్రరీ రాబిట్‌ఎంక్యూతో పాటే వస్తుంది. మీ సొంత సర్వీసైతే ముందే కలిపి పెట్టుకోండి, అర్ధరాత్రి దొరకదు. దాని ప్రాక్ కౌంట్ ఫంక్షన్‌కు ‘మెసేజ్ క్యూ పొడవు, 3’ అని ఇస్తే అన్నిటికంటే పెద్ద మెయిల్‌బాక్స్ (ఇంకా చూడని మెసేజ్‌ల వరస) ఉన్న మూడు ప్రాసెస్‌లను పట్టిస్తుంది.

ఇక్కడే చాలామంది తప్పుదారి పడతారు. ఆర్డర్లు చూసే ప్రాసెస్ మెయిల్‌బాక్స్‌లో 4 లక్షల మెసేజ్‌లు ఉన్నాయనుకుందాం. దోషి దొరికిందని దాన్ని చంపేస్తారు. సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్ ఆగిందంటే తప్పు అక్కడ నిలబడ్డ బస్సుది కాదు, ముందెక్కడో పాడైన లారీది. ఆ ప్రాసెస్ దేనికోసం ఎదురుచూస్తోందో అడగండి. ప్రాసెస్ ఇన్ఫో ఫంక్షన్‌లో కరెంట్ స్టాక్‌ట్రేస్ అంటే నాలుగైదు వరసలు వస్తాయి. పైన జెన్ మాడ్యూల్‌లోని డూ కాల్ కనబడితే, అది ఇంకో సర్వర్ ప్రాసెస్‌ను పిలిచి జవాబు కోసం కాచుకుని ఉందని అర్థం. ఆ రెండోదాని స్టాక్ కూడా చూడండి. అది బ్యాంకు గేట్‌వేకు హెచ్‌టీటీపీ కాల్ చేసి కూర్చుందా? లారీ దొరికింది. అది తిరిగి మొదటిదాన్నే పిలిచి కూర్చుందా? అది డెడ్‌లాక్. మామూలుగా ఇలాంటి కాల్ 5 సెకన్లకు టైమౌట్ అవుతుంది కాబట్టి లాగ్స్‌లో జాడ ఉంటుంది. టైమౌట్ దగ్గర ఎవరో ‘ఇన్ఫినిటీ’ అని రాసి ఉంటే మాత్రం లాగ్స్‌లో ఒక్క ముక్కా ఉండదు, తెల్లారేదాకా ఆ రెండు ప్రాసెస్‌లూ అలాగే ఉంటాయి. కోడ్ రివ్యూలో ఆ మాట ఎక్కడ కనబడినా ఎందుకని అడగండి.

రెండు ఉచ్చులున్నాయి. మెయిల్‌బాక్స్‌లో ఏముందో చూద్దామని ‘మెసేజెస్’ అడిగితే ఆ 4 లక్షలూ కాపీ అయి మీ షెల్‌లోకి వస్తాయి. అంతంత మాత్రంగా ఉన్న మెమరీ అక్కడితో సరి. పొడవు అడగండి చాలు. రెండోది, సిస్ మాడ్యూల్‌లోని గెట్ స్టేట్. సర్వర్ లోపలి స్థితిని చూపే చక్కని సాధనమే. కానీ అదీ ఒక మెసేజ్‌గానే వెళుతుంది. ఇరుక్కుపోయిన ప్రాసెస్ దాన్ని చూడదు, 5 సెకన్లకు మీకు ఎర్రర్ వస్తుంది. ఇరుక్కుందా లేదా తెలియనప్పుడు ముందు స్టాక్‌ట్రేస్, ఆ తర్వాతే స్టేట్.

మెమరీలో బైనరీలే ఎక్కువగా ఉంటే దారి వేరు. 64 బైట్లు దాటిన బైనరీలు ప్రాసెస్ బయట ఉమ్మడి చోట ఉంటాయి. వాటిని ఒకసారి ముట్టుకుని పక్కకు పంపే రూటర్ ప్రాసెస్ కూడా గార్బేజ్ కలెక్షన్ అయ్యేదాకా పట్టుకునే ఉంటుంది. రీకాన్‌లో బిన్ లీక్ దీన్ని బయటపెడుతుంది, అయితే ప్రతి ప్రాసెస్ మీదా కలెక్షన్ నడుపుతుంది. మ్యాచ్ చివరి ఓవర్లో వద్దు.

ట్రేసింగ్ చివరి ఆయుధం. ఎర్లాంగ్‌తో వచ్చే డీబీజీకి తనంతట తాను ఆగడం తెలీదు. బిజీ ఫంక్షన్ మీద పెడితే షెల్ నిండా వరద, నోడ్ కూడా తడబడుతుంది. రీకాన్ ట్రేస్‌కు 10 అని చెబితే పది కాల్స్ చూపించి ఆగిపోతుంది. ప్రొడక్షన్‌లో నేనైతే డీబీజీని ముట్టుకోను.

ఇవన్నీ చూశాక కూడా ప్రాసెస్‌ను చంపక తప్పకపోవచ్చు. చంపండి, దాన్ని కనిపెట్టుకుని ఉండే సూపర్‌వైజర్ ప్రాసెస్ మళ్ళీ లేపుతుంది. కానీ డిఫాల్ట్‌గా 5 సెకన్లలో ఒక్క రీస్టార్ట్‌నే సహిస్తుంది. ఆత్రంగా వెంటవెంటనే రెండుసార్లు చంపితే సూపర్‌వైజర్ కూడా చేతులెత్తేస్తుంది, దాని కింద ఉన్న పిల్లలన్నీ పోతాయి.

ఆఫీసు సంగతి కూడా చెప్పాలి. ప్రొడక్షన్ షెల్‌లోకి ఒంటరిగా వెళ్ళకండి. ఇన్సిడెంట్ ఛానెల్‌లో ‘ఫలానా నోడ్‌లోకి వెళుతున్నాను’ అని ఒక ముక్క రాసి, ఇంకొకరిని స్క్రీన్ చూడమనండి. మేనేజర్ ‘ముందు రీస్టార్ట్ చెయ్ బాబూ’ అని ఒత్తిడి చేస్తే వాదించకండి, ‘సార్, రెండు నిమిషాలివ్వండి, స్టాక్‌ట్రేస్‌లు తీసుకుని చేస్తాను’ అనండి. ఇంత గడువు అడిగితే కాదనేవాళ్ళు తక్కువ. తీసిన అవుట్‌పుట్‌ను టికెట్‌లో పెట్టే ముందు ఒకసారి చదవండి. స్టేట్‌లో కస్టమర్ల ఫోన్ నంబర్లు, ఓటీపీలు, కార్డు వివరాలు ఉండొచ్చు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక ఇది మర్యాద ఒక్కటే కాదు.

అమీర్‌పేటలో కోర్సు చేసి ఇప్పుడే బెంగళూరు బస్సెక్కినవాళ్ళకు మరో మాట. ‘నోడ్ మెమరీ పెరుగుతోంది, ఏం చేస్తావ్?’ అన్నది ఇంటర్వ్యూల్లో తరచు వచ్చే ప్రశ్న. కమాండ్ల జాబితా అప్పజెప్పేవాణ్ణి కాకుండా, ఏది ముందు ఎందుకు చూస్తాడో చెప్పేవాణ్ణి తీసుకుంటారు. ఇది ప్రొడక్షన్ మీద నేర్చుకోనక్కర్లేదు. లాప్‌టాప్‌లో రెండు జెన్ సర్వర్లు రాయండి, ఒకటి రెండోదాన్ని, రెండోది మొదటిదాన్ని ఇన్ఫినిటీ టైమౌట్‌తో పిలిచేలా. మూడో ప్రాసెస్‌తో మొదటిదానికి ఆపకుండా మెసేజ్‌లు పంపించండి. ఇప్పుడు వేరే టెర్మినల్ తెరిచి రిమోట్ షెల్‌తో లోపలికి వెళ్ళి, కోడ్ చూడకుండా, ఎవరు ఎవరికోసం ఆగారో కనిపెట్టండి. బయటికొచ్చేటప్పుడు కంట్రోల్-జి.