డాక్టర్ కావాలంటే ముందు ఏ డిగ్రీలో చేరాలి?

నీట్ ఫలితాలు వచ్చిన వారం నుంచి కర్నూలు, కడప తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటే. "లాంగ్ టర్మ్ కోచింగ్‌తో పాటు పాపను జువాలజీ డిగ్రీలో కూడా చేర్పిస్తే నీట్‌కు అక్కరకొస్తాది కదా సార్?"

రాదు. మన దేశంలో ఎంబీబీఎస్‌కు ముందు డిగ్రీ అనే మెట్టే లేదు. ఇంటర్ బైపీసీ, గ్రూపు సబ్జెక్టుల్లో 50 శాతం మార్కులు (రిజర్వేషన్ వర్గాలకు 40), 17 ఏళ్ల వయసు, నీట్ ర్యాంకు ఉంటే చాలు. డిగ్రీ పట్టాకు ఒక్క మార్కూ కలవదు. అమెరికాలో ఉన్న బంధువులు చెప్పారంటారు. అక్కడ నాలుగేళ్ల డిగ్రీ చేసి, ఎంక్యాట్ రాసి, ఆ తర్వాతే మెడికల్ స్కూల్లో చేరతారు. 1956 నుంచి నడుస్తున్న మన కర్నూలు మెడికల్ కాలేజీకి ఆ దారి లేదు.

నీట్ ప్రశ్నలన్నీ ఇంటర్ సిలబస్ నుంచే వస్తాయి. 720 మార్కుల్లో బయాలజీకి 360, ఫిజిక్స్‌కు 180, కెమిస్ట్రీకి 180. మా దగ్గరికొచ్చే పిల్లల్లో ఎక్కువమంది నష్టపోయేది ఫిజిక్స్‌లో. జువాలజీ డిగ్రీలో ఆ ఫిజిక్సే ఉండదు. పైగా 2023-24లో రాష్ట్రంలో ఒకే మేజర్ పద్ధతి వచ్చాక పాత బీజెడ్‌సీలా మూడు సబ్జెక్టులు సమంగా చదివే వీలూ పోయింది. డిగ్రీ నీట్‌కు పనికిరాదని తెలిసీ కొన్ని కాలేజీలు "అడ్మిషన్ పెట్టండి, క్లాసులకు రానక్కర్లేదు" అని సీట్లు నింపుకుంటున్నాయి. ఆ పట్టాతో రేపు ల్యాబ్‌లో ఉద్యోగానికి వెళ్తే మైక్రోస్కోపు సరిచేయడం రాదు. అలాంటి చోట చేర్చడం కన్నా ఆ డబ్బు ఇంట్లో పెట్టుకోవడం నయం.

లాంగ్ టర్మ్ విషయంలో నా మాట కఠినంగానే ఉంటుంది. ఒక్క ఏడాది చాలు. నీట్‌కు గరిష్ఠ వయోపరిమితి 2022లో తీసేశారు, ఎన్నిసార్లు రాయాలన్న లెక్కా లేదు. కోచింగ్ వ్యాపారానికి ఇదే పెట్టుబడి. 2025లో 22 లక్షల మందికి పైగా రాస్తే 12 లక్షల మందికి పైగా క్వాలిఫై అయ్యారు. దేశంలో అప్పుడున్న ఎంబీబీఎస్ సీట్లు సుమారు లక్షా పాతిక వేలు. ప్రకటనల్లో "మా విద్యార్థులు ఇంతమంది క్వాలిఫై" అని వేసేది అందుకే, క్వాలిఫై అంటే సీటు కాదు. హాస్టలు, ఫీజు కలిపితే ఏడాదికి లక్ష దాటుతుంది. సుగ్గికి (వలస కూలికి) పోయి మిరపకాయలు కోసి తెచ్చిన డబ్బును మూడో ప్రయత్నానికి కట్టే కుటుంబాలు ఆదోని, కోసిగి వైపు ఉన్నాయి. ఆ ఇంటి పిల్లకు రాత్రి నిద్ర ఎలా పడుతుందో ఒక్కసారి ఆలోచించండి.

ఇక విదేశీ వైద్య సీట్లు ఇప్పించే ఏజెంట్ల కరపత్రాల్లో పెద్దక్షరాలతో కనిపించే "బీఎస్ ప్లస్ ఎండీ". ఫిలిప్పీన్స్‌లో ముందు బీఎస్ చదివి, తర్వాత నాలుగేళ్ల ఎండీ చేయాలి. దావావ్ నగరానికి మన తెలుగు పిల్లలు ఏళ్ల తరబడి ఇలాగే వెళ్లారు. 2021 నవంబరు 18న జాతీయ వైద్య కమిషన్ నిబంధనలు మార్చింది. వైద్య కోర్సే కనీసం 54 నెలలు ఉండాలి, ఆపైన 12 నెలల ఇంటర్న్‌షిప్ అక్కడే చేయాలి. బీఎస్‌ను వైద్య కోర్సుగా లెక్కించలేదు. నాలుగేళ్లంటే 48 నెలలే! ఎందరో పిల్లలు మధ్యలో చిక్కుకున్నారు. తిరిగొచ్చాక రాయాల్సిన పరీక్షలో 300కు 150 రావాలి, చాలామంది అక్కడే ఆగిపోతున్నారు. పొలం అమ్మే ముందు కోర్సు ఎన్ని నెలలో కాగితం మీద చూడండి.

మరో సంగతి ఆలస్యంగా తెలిసి బాధపడతారు. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా వరుసగా నాలుగేళ్లూ విజయవాడలో చదివితే పిల్లలు ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతపు లోకల్ అవుతారు. కర్నూలు, కడప, నంద్యాల ప్రభుత్వ కాలేజీల్లో రాష్ట్ర కన్వీనర్ కోటా సీట్లలో 85 శాతం ఎస్వీ యూనివర్సిటీ ప్రాంతం వారివి. ఎనిమిదో తరగతి పూర్తికాగానే కార్పొరేట్ హాస్టల్‌కు పంపే తొందరలో ఈ లెక్క ఎవరూ చూడరు.

డిగ్రీ ఎంచుకోవాల్సి వస్తే, నీట్ రాకున్నా ఇష్టంగా పూర్తిచేయగలిగేదే తీసుకోండి. నా మొగ్గు వ్యవసాయం, పశువైద్యం వైపు. మహానందిలో వ్యవసాయ కళాశాల, ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల మన ముంగిట్లోనే ఉన్నాయి. కరువు సీమలో ఆ చదువుల అవసరం ఎప్పటికీ తీరదు. నర్సింగ్‌ను చిన్నచూపు చూడటం మానండి. బీఎస్సీయే అయితే కర్నూలు సిల్వర్ జూబ్లీ వంటి ప్రభుత్వ కళాశాలను ముందు చూడండి. ఏ కాలేజీకైనా పనిరోజు మధ్యాహ్నం వెళ్లి ల్యాబ్ తలుపు తీయించండి. బల్లల మీద దుమ్ముంటే వెనక్కి వచ్చేయండి. మధ్యలో మానేస్తే సర్టిఫికెట్లు తిరిగి ఇవ్వబోమనే చోట చేరకండి, ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది.

బైపీసీ పిల్లలకు నా విన్నపం: నీట్‌తో పాటు, వ్యవసాయ కోర్సుల్లో చేరేందుకు రాసే ఈఏపీసెట్ దరఖాస్తు కూడా తప్పక పెట్టండి. గడువు దాటాక నన్ను కలిసి ప్రయోజనం ఉండదు.