ఇంట గట్టిన విమానముతో దూరప్రయాణము

పక్షివలె నెగురవలెనను కోరిక మానవునకు మిక్కిలి పురాతనమైనది. ఆ కోరిక 1903వ సంవత్సరము డిసెంబరు 17వ తేదీన రైటు సోదరులవలన నెఱవేఱెను. వారు సైకిళ్లను తయారుచేసి బాగుచేయు వర్తకులు. తమ విమానమును తామే గట్టుకొని, తామే నడపిరి. కాబట్టి ప్రపంచమునందలి మొదటి విమానము ఇంట గట్టిన విమానమే యని చెప్పవచ్చును.

ఆ యలవాటు నేటికిని నశింపలేదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో సామాన్య గృహస్థులు పలువురు తమ యింటి కొట్టములలో సంవత్సరములకొలది పాటుపడి, ఇద్దరు ముగ్గురు కూర్చుండదగిన చిన్న విమానములను గట్టుకొనుచున్నారు. కట్టుపనిలో సగమునకు మించినది విద్యార్థముగనో వినోదార్థముగనో పనిచేయువారి చేతిమీదుగా జరిగియుండవలెనని యచ్చటి చట్టము. ఇట్టివారి సంఘమొకటి 1953వ సంవత్సరమున మిల్వాకీ నగరమున స్థాపింపబడెను. ఆ సంఘమువారి వార్షిక సమావేశము 1970వ సంవత్సరమునుండి విస్కాన్సిన్ రాష్ట్రములోని ఆష్కాష్ పట్టణమున జరుగుచున్నది. దానికి దేశపు నలుమూలలనుండి జనులు తమ విమానములలోనే వత్తురు.

విమానమును గట్టుట యెట్లో యీ వ్యాసమునందు చెప్పబోము. కట్టిన విమానములో దూరమునకు పోయి సుఖముగా తిరిగివచ్చుటకు ముందుగా నేమి యాలోచింపవలెనో దానినే విచారింతము. గణితము, భూగోళము, ప్రకృతిశాస్త్రము అను మూడును ఇందు కలిసివచ్చుటచేత నిది మన విద్యార్థులకు తగిన పాఠమని తలంచుచున్నాను.

1. తన విమానమును తానెఱుగుట

పెద్ద విమానసంఘములలో త్రోవను నిర్ణయించువారు వేఱు, యంత్రమును పరీక్షించువారు వేఱు, వాతావరణమును చూచువారు వేఱు. ఇంట గట్టిన విమానపు యజమానుడో యీ పనులన్నిటికి తానొక్కడే కర్త. "నేడు పోవలదు" అని యతనికి చెప్పువారెవ్వరును లేరు. ఆ మాటను తనకు తానే చెప్పుకొనవలెను.

అందుచేత క్రొత్తగా గట్టిన విమానము తొలుత నియమింపబడిన కొలది ప్రదేశముననే, సాధారణముగా 25 మొదలు 40 గంటలవఱకు, పరీక్షార్థమెగురవలెనని యేర్పాటు కలదు. తెలివిగలవాడు ఆ గంటలను వ్యర్థపుచ్చడు. ఏ యెత్తున ఎంత వేగము వచ్చును, గంటకెంత పెట్రోలు ఖర్చగును, నిండు బరువుతో నేల విడుచుటకెంత దూరము పట్టును అను వానిని పుస్తకమున వ్రాసికొనును. ఇంధనపు తొట్టిలో కొలిచిన పెట్రోలును కొంచెము కొంచెముగా పోసి, కొలకఱ్ఱమీద గీతలు పెట్టుకొనును. తరువాతి దూరప్రయాణములన్నిటికి నీ పుస్తకమును, ఈ కఱ్ఱయు ఆధారములు.

2. గాలి లెక్క

విమానము గాలిలో నీదుచు పోవును గాని నేలమీద నడవదు. గాలి వెనుకనుండి వీచినయెడల నేలనుబట్టి దాని వేగము హెచ్చును. ఎదురుగా వీచినయెడల తగ్గును. "పోవునపుడు నష్టమైనది వచ్చునపుడు లాభమగును గదా" యని పలువురు తలంతురు. ఆ తలంపు తప్పని యీ క్రింది లెక్క చూపును.

గంటకు 240 కిలోమీటర్లు పోవు విమానమొకటి 900 కిలోమీటర్ల దూరముననున్న యూరికి పోయి రావలెననుకొందము. గాలి లేనియెడల పోవుటకు 3¾ గంటలు, వచ్చుటకు 3¾ గంటలు, వెరసి 7½ గంటలు. గంటకు 60 కిలోమీటర్ల గాలి వీచుచున్నదనుకొందము. గాలితో పోవునపుడు వేగము 300. పట్టుకాలము 3 గంటలు. గాలికెదురుగా వచ్చునపుడు వేగము 180. పట్టుకాలము 5 గంటలు. వెరసి 8 గంటలు. గాలి తీసికొన్న దంతయు మరల నీయదు. ఏలయన, ఎదురుగాలిలో మనము గడపు కాలమే యెక్కువ.

3. ఇంధనపు లెక్క

ఆ విమానపు తొట్టిలో 150 లీటర్ల పెట్రోలు పట్టుననియు, గంటకు 30 లీటర్లు ఖర్చగుననియు అనుకొందము. నిండు తొట్టితో 5 గంటలెగురవచ్చును. గాలి లేని దినమున 900 కిలోమీటర్లు పోయిన పిదప గంటంబావు పెట్రోలు మిగులును. పైన చెప్పిన యెదురుగాలి వీచినచో, ఊరు కనబడు నప్పటికి తొట్టి సరిగా శూన్యమగును. విమానము మాఱలేదు, దూరము మాఱలేదు, తొట్టి మాఱలేదు. గాలి యొక్కటే మాఱినది.

నేలను కన్నులతో చూచుచు నెగురువారు, గమ్యమును చేరిన పిదప పగలైన అరగంటకును, రాత్రియైన ముప్పావు గంటకును చాలినంత పెట్రోలు మిగులునట్లు బయలుదేరవలెనని యమెరికా నియమము. జాగరూకులు పూర్తిగా గంటకు సరిపడునంత మిగుల్చుకొందురు. ఆ గంట పెట్రోలును లేనిదానిగా నెంచవలెను. అట్లెంచినచో మన విమానమునకు 4 గంటలే మిగులును. ఎదురుగాలిలో 4 గంటలకు 720 కిలోమీటర్లు మాత్రమే పోగలము. కాబట్టి నడుమ నొకచోట దిగి పెట్రోలు పోయించుకొనక తప్పదు. ఆ చోట పెట్రోలు దొరకునా, ఏ వేళవఱకు దొరకును, అచ్చట దిగుటకు వీలుపడనియెడల ప్రక్కనున్న విమానాశ్రయమెంత దూరము అను సంగతులను ముందే విచారించుకొనవలెను.

ఇది యలక్ష్యము చేయదగిన విషయము కాదు. జాన్ డెన్వరు అను ప్రసిద్ధ గాయకుడు 1997వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన కాలిఫోర్నియాలోని మాంటెరే విమానాశ్రయమునుండి "లాంగ్-ఈజీ" యను తరగతి చిన్న విమానములో బయలుదేరెను. అది వేఱొకరు గట్టగా ఆయన కొన్నది. పెట్రోలు పోయింతురా యని యడుగగా, గంటసేపే యెగురుదునని చెప్పి వలదనెను. ఒక తొట్టినుండి వేఱొక తొట్టికి మార్చు పిడి, రూపకర్త చూపిన చోట గాక, నడపువాని యెడమ భుజము వెనుక నమర్పబడి యుండెను. తొట్టిలోని మట్టమును చూపు గాజుబద్దలకు గీతలు లేవు. ఆ పిడిని త్రిప్పుటకై వెనుకకు తిరుగుటలో కాలు తెలియక చుక్కాని మీటను నొక్కగా విమానము వశము తప్పి సముద్రమున గూలెననియు, ముందుగా పెట్రోలు నింపుకొనకపోవుటయు, పిడి యమరిక చెడ్డదగుటయు, ఆ తరగతి విమానమున తగిన శిక్షణ లేకపోవుటయు కారణములలో చేరినవనియు విచారణాధికారులు నిర్ణయించిరి. ఆ మహనీయునకు విమానము నడపుటలో ననుభవము చాలగలదు. నేలమీద కొన్ని నిమిషముల పని మిగిలిపోయెను, అంతే.

4. త్రోవ నేర్పఱచుకొనుట

పటముమీద రెండూళ్లకు నడుమ గీచిన సరళరేఖ మిక్కిలి పొట్టిత్రోవ యగును. మిక్కిలి క్షేమమైన త్రోవ మాత్రము కానక్కఱలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోనుండి ఆష్కాష్‌నకు సరళముగా 2,900 కిలోమీటర్ల పైచిలుకు దూరము. నడుమ సియెర్రా నెవాడా పర్వతములు, ఎడారులు, రాకీ పర్వతములు కలవు. చిన్న యంత్రము గలవారు తఱచుగా సరళరేఖను విడిచి, డానర్ కనుమ మీదుగను, దక్షిణ వయోమింగు మీదుగను పోవు రాజమార్గమును క్రింద నుంచుకొని పోవుదురు. అచ్చట కొండల యెత్తు తక్కువ. యంత్రము నిలిచిపోయినచో దిగుటకు చోటు దొరకును. దిగిన పిదప మనుష్యులుందురు. 1869వ సంవత్సరమున పూర్తియైన యినుపదారియు, 1920వ సంవత్సరమున ఆరంభమైన విమాన తపాలా మార్గమును ఇంచుమించుగా ఈ దిక్కుననే పోయినవి. తపాలా విమానములకు దారిచూపుటకై ఆ కాలమున నేలమీద కట్టిన సిమెంటు బాణపు గుర్తులు కొన్ని నేటికిని నిలిచియున్నవి.

ఎత్తైన యూళ్లలో నింకొక చిక్కు కలదు. వయోమింగులోని లారమీ విమానాశ్రయము సముద్రమట్టమునకు 7,284 అడుగుల యెత్తున నున్నది. వేసవి మధ్యాహ్నమున ఉష్ణము 30 డిగ్రీలైనపుడు గాలి పలుచనై, విమానము 10,000 అడుగులకు పైనున్నట్లే ప్రవర్తించును. ఱెక్కలకు పట్టు తగ్గును, యంత్రమునకు బలము తగ్గును, నేల విడుచుటకు మిక్కిలి దూరము పట్టును. కావున అట్టి చోట్లనుండి తెల్లవాఱుజామున బయలుదేరుట మంచిది. మనుష్యునకును పలుచని గాలి చాలదు. 12,500 అడుగులకు పైన అరగంట మించి యెగురునపుడును, 14,000 అడుగులకు పైన ఎల్లప్పుడును, విమానము నడపువారు ప్రాణవాయువును పీల్చుకొనవలెనని నియమము.

ఆకాశమునందును త్రోవల కట్టుబాట్లు కలవు. నేలకు 3,000 అడుగుల పైన తూర్పు వైపునకు పోవువారు బేసివేల మీద 500 అడుగుల యెత్తునను, అనగా 5,500, 7,500, 9,500 అడుగులలోను, పడమటికి పోవువారు సరివేల మీద 500 అడుగుల యెత్తునను పోవలెను. ఎదురుబడినవారు ఢీకొనకుండుటకిది సాధనము.

5. బరువును సామానును

సామాను మోయుటకు చిన్న విమానమున చోటు కొంచెమే. మొత్తము బరువు మితిలో నుండిన మాత్రము చాలదు. ఆ బరువు ఎచ్చట నున్నదో యదియు ముఖ్యమే. ఆసనముల వెనుక పెట్టెలు పెట్టినకొలది గరిమనాభి వెనుకకు జరుగును. మితి మీఱినచో విమానపు ముక్కు స్వాధీనమున నుండదు. కొన్ని విమానములలో పెట్రోలు ఖర్చగుకొలది నాభి యింకను వెనుకకు పోవును. కాబట్టి బయలుదేరునపుడొకసారియు, దిగునప్పటికొకసారియు లెక్కకట్టవలెను.

ఏ సామాను తీసికొనవలెను? తనచేత గట్టబడిన విమానపు భాగములు ప్రతి యూరను దొరకవు; కావున కొన్ని పనిముట్లు, ఒక చక్రపు ట్యూబు, ఒకటి రెండు స్పార్కు ప్లగ్గులు, రాత్రి గాలికి కొట్టుకొనిపోకుండ విమానమును కట్టివేయుటకు త్రాళ్లు. ఎడారిలో దిగవలసివచ్చినచో త్రాగుటకు నీరు, కప్పుకొనుటకు కంబళి. వీనిని తూచి, మిగిలిన బరువు బట్టలకు విడువవలెను.

6. మరలివచ్చు నిర్ణయము

ఇప్పటివఱకు చెప్పిన లెక్కలన్నియు ఒక్క విషయమునకై చెప్పబడినవి. దూరప్రయాణమున మనుష్యుని చెఱచునది తఱచుగా యజ్ఞానము కాదు, ఆతురత. రేపు పనికి పోవలెను, ఇంటివారు కనిపెట్టుకొని యుందురు, ఊరు దగ్గఱనే యున్నది. ఈ తలంపులు కలిగినపుడు నల్లని మేఘము గూడ తెల్లగా కనబడును. మేఘములో ప్రవేశించినవానికి దిక్కు తెలియదు. చెవిలోపలి ద్రవమువలన మనకు నిలుకడ తెలియుచుండును. కంటికి నేల కనబడనపుడు ఆ చెవియే మనలను మోసగించును. విమానము ప్రక్కకు వ్రాలి తిరుగుచున్నను, తిన్నగా పోవుచున్నట్లు తోచును. పరికరములను మాత్రమే నమ్మి నడపుటకు శిక్షణ లేనివాడు కొలది నిమిషములలో వశము తప్పును.

ఆ సమయమున మంచి నిర్ణయము చేయుట కష్టము. అందుచేత నిర్ణయమును నేలమీదనే, బల్లయొద్ద కూర్చుండి, చల్లని మనస్సుతో కాగితముమీద వ్రాసికొనవలెను. "సగము దూరమున పెట్రోలు ఇన్ని లీటర్లకు తగ్గినచో దిగుదును. మేఘములు ఇంత యెత్తునకు దిగివచ్చినచో మరలుదును. ప్రొద్దు క్రుంకుటకు గంట ముందే నేలమీద నుందును." పైన నున్నపుడు చేయవలసినది ఆ కాగితమునకు లోబడుటయే. ఎదురుచూచువారికి కూడ "ఫలానా దినమున తప్పక వత్తును" అని మాట ఈయరాదు; "దినము అనుకూలించినప్పుడు వత్తును" అని చెప్పవలెను. ప్రయాణపు వివరములను అధికారులకు తెలిపి, దిగిన వెంటనే దిగితినని తెలుపవలెను. అమెరికాలో అట్లు తెలిపినవాడు చేరవలసిన వేళకు అరగంట దాటినను వార్త రానియెడల, విచారణ మొదలుపెట్టుదురు.

7. వాయేజరు ప్రయాణము

ముందాలోచనకు మేటి యుదాహరణమొకటి చెప్పి ముగింతును. లాంగ్-ఈజీని రూపొందించిన బర్ట్ రూటానే "వాయేజరు" అను మఱియొక విమానమును రూపొందించెను. కాలిఫోర్నియాలోని మొహావే యెడారిలో కొలదిమంది, పలువురు స్వచ్ఛంద సహాయకులతో దానిని గట్టిరి. అది 1984వ సంవత్సరమున మొదట నెగిరెను. 1986 జూలైలో, అసలు ప్రయాణమునకు ముందు, కాలిఫోర్నియా తీరమున దానిని నాలుగు దినములకు పైగా ఆగకుండ నడపి పరీక్షించిరి. పిమ్మట 1986 డిసెంబరు 14వ తేదీన డిక్ రూటాను, జీనా యీగరు అను నిద్దఱు దానిలో నెక్కి, ఎచ్చటను దిగక, దారిలో పెట్రోలు పోయించుకొనక, భూగోళమును చుట్టి, 9 దినముల 3 నిమిషముల 44 సెకండ్లకు, అనగా 23వ తేదీన, బయలుదేరిన ఎడ్వర్డ్స్ స్థావరముననే దిగిరి.

బయలుదేరునప్పుడు 17 తొట్లలో సుమారు 3,180 కిలోగ్రాముల ఇంధనముండెను. ఖాళీ విమానపు బరువు దానిలో మూడవ వంతు మాత్రమే. ఆ భారమున ఱెక్కల కొనలు నేలకు రాచుకొని చెడినను, విచారించి చూచి ప్రయాణము సాగించిరి. నేలమీదనున్న మిత్రులు తుపానుల యుపగ్రహ చిత్రములను చూచి, రేడియోద్వారా త్రోవ మార్చుచు, వెన్నుగాలి దొరకించుచు వచ్చిరి. దిగిన పిదప చూడగా మిగిలిన ఇంధనము సుమారు 48 కిలోగ్రాములు. అంతటి స్వల్పశేషముతో క్షేమముగా చేరుట, సంవత్సరముల శ్రమవలనను, లెక్కవలనను సాధ్యమాయెను. ఆ విమానము వాషింగ్టను నగరములోని జాతీయ వస్తుసంగ్రహాలయమునకు చేరినది.

రెండు విమానములకును రూపకర్త యొక్కడే. ఒకటి ప్రపంచమును చుట్టివచ్చినది. మఱియొకటి తీరము దాటకయే గూలినది. ఈ భేదమును విద్యార్థులు మనస్సున నుంచుకొందురు గాక. విమానమెక్కు భాగ్యము మనలో కొందఱికే కలుగవచ్చును. పరీక్షలు, వ్యవసాయము, సంసారము మొదలగు దూరప్రయాణములు అందఱికిని కలవు. వానియందును, మనస్సు కలతలేనపుడే, ఎచ్చట నాగవలెనో, ఎప్పుడు మరలవలెనో వ్రాసికొన్నవాడే ధన్యుడు.

అభ్యాసము

1. గంటకు 200 కిలోమీటర్లు పోవు విమానము, గంటకు 50 కిలోమీటర్ల గాలిలో 600 కిలోమీటర్ల దూరము గాలితో పోయి, గాలికెదురుగా తిరిగివచ్చెను. గాలి లేని దినముకంటె ఎంత కాలము హెచ్చుగా పట్టెను?

2. తొట్టిలో 120 లీటర్లు పట్టును. గంటకు 24 లీటర్లు ఖర్చగును. గంటకు సరిపడు పెట్రోలు మిగుల్చుకొని, అదే విమానము గంటకు 40 కిలోమీటర్ల యెదురుగాలిలో ఎంత దూరము పోవచ్చును?

3. నీవు రాబోవు సెలవులలో చేయదలచిన ప్రయాణమొకదానిని గూర్చి, ఏ కారణము కలిగినచో మరలివత్తువో మూడు వాక్యములలో వ్రాయుము.