నేల వదలని విమానం

క్లాసులో సిమ్యులేటర్ అనే మాట ఎత్తితే మన విద్యార్థుల ముఖాల్లో ఓ చిరునవ్వు కనిపిస్తుంది. వీడియో గేముకు అది కాస్త ఖరీదైన అన్నగారని వాళ్ళ అభిప్రాయం. ఫిజిక్సు చెప్పేవాణ్ణి గనుక ఆ అభిప్రాయాన్ని కొంచెం కదిలిద్దామని యీ వ్యాసం రాస్తున్నాను. సైనిక విమానాల సిమ్యులేటరు, ముందే చెప్పేస్తున్నాను, ఒక అబద్ధాల యంత్రం. ఏ అబద్ధం ఆడవచ్చో, ఏది ఆడితే తరవాత ఆకాశంలో మనిషి ప్రాణం పోతుందో తెలిసి వుండడమే దాన్ని తయారుచేసేవాడి అసలు విద్య. తెరలు, మోటార్లు, కంప్యూటర్లు డబ్బు పెడితే బజారులో దొరుకుతాయి.

దీని పుట్టుక మాత్రం చిత్రమైనది. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన తండ్రికి ఆర్గన్ వాయిద్యాలు తయారుచేసే కార్ఖానా వుండేది. ఆర్గన్‌లో గాలి ఊదే తిత్తులనే తీసుకుని, పొట్టి రెక్కల చెక్కపెట్టె ఒకదాన్ని వాటి మీద నిలబెట్టి, 1929లో ఆయన మొదటి ట్రైనరు తయారుచేశాడు. మన కమ్మరి కొలిమి తిత్తికి అది దూరపు చుట్టమే. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. జాతరల్లో ఆటవస్తువుగా కొన్ని అమ్ముడుపోయాయి. 1934 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం విమాన తపాలాను సైన్యానికి అప్పగించింది. మంచులో, చీకట్లో, మీటర్లు చూసి నడపడం రాని కుర్రవాళ్ళు కొద్ది వారాల్లోనే పదిమందికి పైగా చనిపోయారు. అప్పుడు గాని సైన్యం లింకు దగ్గర ఆరు పెట్టెలు కొనలేదు. రెండో ప్రపంచయుద్ధంలో లక్షల మంది వైమానికులు ఆ నీలంపెట్టెలో కూర్చుని లేచినవాళ్ళే.

ఇప్పుడు కాస్త లెక్క చేద్దాం. ఒక విమానం రన్‌వే మీద సెకనుకు సెకనుకు 2 మీటర్ల త్వరణంతో అర నిమిషం పరుగెత్తిందనుకోండి. సగం ఇంటూ త్వరణం ఇంటూ కాలవర్గం: 900 మీటర్లు. సిమ్యులేటర్ నిలబడేది ఆరు కాళ్ళ వేదిక మీద. దాన్ని స్టీవార్ట్ ప్లాట్‌ఫారం అంటారు. ఆ కాళ్ళు సాగేది మహా అయితే ఒకటిన్నర మీటరు. అదే త్వరణంతో వేదికను ముందుకు తోస్తే సెకనుంపావు కూడా గడవకముందే కాళ్ళు చివరికి వచ్చేస్తాయి. మరి మిగిలిన ఇరవై తొమ్మిది సెకన్లూ పైలటును ఎలా నమ్మించడం?

ఇక్కడే తమాషా వుంది. మొదటి కుదుపు మాత్రం నిజంగా ఇస్తారు. తరవాత వేదికను దొంగచాటుగా వెనక్కి తెస్తూ, క్యాబిన్ ముక్కును మెల్లగా పైకి లేపుతారు. అప్పుడు గురుత్వాకర్షణలో ఒక భాగం మనిషి వీపును సీటుకు నొక్కుతుంది. 2 మీటర్ల త్వరణం అంటే సుమారు 0.2 జీ, సైను విలువ 0.2 వచ్చే కోణం పదకొండున్నర డిగ్రీలు. అంతే వాలిస్తే చాలు. ఎదురుగా తెర మీద రన్‌వే సమతలంగానే పరుగెడుతూ వుంటుంది గనుక, వాలానన్న సంగతి ఆసామికి తెలియదు. అయితే వాల్చడం సెకనుకు సుమారు 3 డిగ్రీలకు మించకూడదు. మించితే లోపలి చెవిలోని అర్ధవర్తుల కుల్యలు దొంగను పట్టేస్తాయి. కన్ను ఒకటీ చెవి ఒకటీ చెప్పి కడుపులో తిప్పుతుంది. ఇంటర్మీడియట్‌లో బైపీసీ వాళ్ళు చదివే చెవి బొమ్మ, ఎంపీసీ వాళ్ళు చదివే సైను పట్టిక ఒకేచోట పనికొచ్చే సందర్భం నాకు తెలిసి ఇంతకంటె మంచిది లేదు.

యుద్ధవిమానం దగ్గరికి వచ్చేసరికి యీ ఎత్తు పారదు. మలుపులో ఆరు, ఏడు జీలు నిలకడగా పడతాయి. వేదికను ఎంత వాల్చినా ఒక జీ కంటె ఎక్కువ ఎక్కడ దొరుకుతుంది? అందుకని చాలా ఫైటర్ సిమ్యులేటర్లలో కదలికే పెట్టరు. చుట్టూ గుమ్మటం లాంటి తెర, ఉబ్బే సీటు, కాళ్ళను బిగించే జీ-సూటు, అంతే. జీ భారాన్ని శరీరానికి అలవాటు చేయడానికి సెంట్రిఫ్యూజ్ వేరే వుంటుంది. అరకొర కదలిక ఇచ్చేకంటె అసలు ఇవ్వకపోవడమే నయం అన్న నిర్ణయం కూడా నేర్పరితనమే. అమ్మేవాడు మాత్రం యీ మాట చెప్పడు.

ఇంతకంటె ప్రమాదకరమైనది ఆలస్యం. పైలటు కర్ర కదిపిన క్షణానికీ, తెర మీద దృశ్యం కదిలే క్షణానికీ మధ్య 100, 150 మిల్లీసెకన్లు దాటకూడదని నిబంధనలు. ఎందుకో మన రైతు బిడ్డలకు చెప్పనక్కరలేదు. మిరపచేను ఈ చివర మోటారు దగ్గర ఒకడు, ఆ చివర మళ్ళలో ఇంకొకడు. "ఆపరా" అన్న కేక అందేసరికి మడి పొంగిపోతుంది. "వెయ్యరా" అన్నది అందేసరికి ఆరిపోతుంది. అలాగే ఆలస్యం వున్న సిమ్యులేటరులో పైలటు అవసరానికి మించి కర్ర తిప్పుతాడు, మళ్ళీ వెనక్కి లాగుతాడు, విమానం ఊగిసలాడుతుంది. పైగా చెయ్యి ఆ ఆలస్యానికి సర్దుకుంటుంది. ఆ సర్దుకున్న చేతితోనే రేపు నిజం విమానం ఎక్కుతాడు.

తప్పుగా నేర్పితే ఏమవుతుందన్నదానికి 2001 నవంబరు 12 సాక్ష్యం. న్యూయార్కులో లేచిన అమెరికన్ ఎయిర్‌లైన్స్ 587 నంబరు విమానం ముందు వెళ్ళిన విమానపు సుడిగాలిలో చిక్కింది. కో-పైలటు రడ్డరును ఆ చివర నుంచి ఈ చివరకు పదేపదే తొక్కాడు. తోక మీది నిలువు రెక్క విరిగిపోయింది. నేల మీది ఐదుగురితో కలిపి 265 మంది మరణించారు. అక్కడి రవాణా భద్రతా బోర్డు 2004లో విచారణ ముగిస్తూ, అనవసరమైన ఆ రడ్డరు తొక్కుడుతో పాటు రడ్డరు వ్యవస్థ డిజైనునూ, ఆ కంపెనీ శిక్షణ కార్యక్రమంలోని కొన్ని అంశాలనూ కారణాల్లో చేర్చింది. ఆ శిక్షణలోని ఒక సిమ్యులేటర్ పాఠంలో విమానం బాగా ఒరిగిపోయేదాకా కంట్రోళ్ళు సరిగా పలకకుండా చేసేవారు. కుర్రవాళ్ళకు కాస్త గట్టి పరీక్ష పెడదామన్న మంచి ఉద్దేశమే కావచ్చు. కాని సుడిగాలి అంటే ఇంత భయంకరమనీ, ఇంత గట్టిగా తొక్కితే గాని లొంగదనీ అది నేర్పింది. ఇక్కడ యంత్రం చెడిపోలేదు. చెప్పిన పాఠమే అబద్ధం.

ఇక మన ప్రాంతానికి వద్దాం. పదహారో నంబరు జాతీయ రహదారి మీద కొరిశపాడు దగ్గర (2022లో ప్రకాశం జిల్లా నుంచి బాపట్ల జిల్లాకు మారిన ప్రాంతం) వైమానిక దళం కోసం అత్యవసర రన్‌వే కట్టారు. పొడవు 4.1 కిలోమీటర్లు, వెడల్పు 33 మీటర్లు. 2022 డిసెంబరు 29న ఒకసారి, 2024 మార్చి 18న ఇంకోసారి విమానాలతో పరీక్షలు జరిగాయి. రెండోసారి సుఖోయ్, హాక్ విమానాలు రోడ్డుకు అతి దగ్గరగా దిగి మళ్ళీ లేచిపోగా, ఏఎన్-32, డోర్నియర్ విమానాలు దిగి, తిరిగి ఎగిరాయి. జనం చేలగట్ల మీద నిలబడి చూశారు. నాకు మాత్రం ఆ వెడల్పు మీదనే ఆసక్తి.

మామూలు పెద్ద రన్‌వే వెడల్పు 45 మీటర్లు. దానికి అలవాటుపడిన కన్ను 33 మీటర్ల పట్టీని చూస్తే, "ఇంత సన్నగా వుందంటే నేనింకా ఎత్తులో వున్నాను కాబోలు" అనుకుంటుంది. ఆకారాన్ని ఒక్కదాన్నే నమ్ముకుంటే 22 మీటర్ల ఎత్తు 30 మీటర్లలా తోస్తుంది. ఆ భ్రమలో మరీ కిందికి దిగితే రన్‌వే కంటె ముందే నేల తగులుతుంది. ఈ భ్రమను నేల మీదనే చూపించి, అలవాటు చేసి పంపాలంటే సిమ్యులేటర్ కావాలి. మనమే దానికి దృశ్యం తయారుచేయాలనుకోండి. రోడ్డు కొలతలు ఒక్కటే సరిగా వుంటే చాలదు. ఎత్తు తెలిసేది చుట్టూ వున్న వస్తువులను బట్టి: సుబాబుల్ తోపులు, పొగాకు బ్యారన్లు, పత్తిసాళ్ళ మధ్య ఎడం. నల్లరేగడి నేల దున్ని వదిలేసిన కాలంలో ఆ గుర్తులు సగం మాయమవుతాయి. మార్చిలో కళ్ళాల మీద మిరపకాయలు ఎర్రగా ఆరబోసి వుంటాయి. సెప్టెంబరులో అదే నేల పచ్చగా వుంటుంది. ఏ నెల దృశ్యం పెట్టాలి? బెంగుళూరులోని గ్రాఫిక్సు ఇంజనీరుకు ఇది తోచకపోవచ్చు. ఇంకొల్లు కుర్రవాడికి తోస్తుంది.

మన దేశంలో యీ విద్య లేదనుకోవద్దు. హైదరాబాదులో 1993లో మొదలైన జెన్ టెక్నాలజీస్ సైన్యానికీ పోలీసులకూ కాల్పుల, వాహనాల సిమ్యులేటర్లు తయారుచేస్తున్నది. ఎక్కువభాగం నేల మీది యుద్ధానికి సంబంధించినవి. విమానాల విషయంలో గొప్ప పాఠం తేజస్. దాని ప్రోగ్రాం డైరెక్టరు బరంపురంలో పుట్టిన కోట హరినారాయణ గారు. ఆ తరవాత హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీకి వైస్ ఛాన్సలరుగా వచ్చారు. తేజస్ స్వతహాగా స్థిరత్వం లేని విమానం; కంప్యూటరు క్షణక్షణం సవరిస్తుంటేనే నిలుస్తుంది. 1998లో పోఖ్రాన్ పరీక్షల తరవాత అమెరికా సహాయం ఆగిపోయింది. మనవాళ్ళు బెంగుళూరులోని సిమ్యులేటర్ల మీద, అసలు హైడ్రాలిక్సు బిగించిన ఐరన్‌బర్డ్ మీద తమ కంట్రోల్ లా పరీక్షించుకుంటూ పోయి, 2001 జనవరి 4న దాన్ని ఎగరేశారు. రాజీవ్ కోఠియాల్ సుమారు 18 నిమిషాలు నడిపి దించారు.

వాళ్ళ ఎదుట ఒక హెచ్చరిక వుంది. స్వీడన్ వారి గ్రిపెన్ తొలి నమూనా 1989 ఫిబ్రవరి 2న దిగుతూ ఊగిసలాడి కూలింది, పైలటు బతికాడు. ఇటువంటి ఊగిసలాట సిమ్యులేటరులో తేలిగ్గా బయటపడదు. కుర్చీలో కూర్చున్నవాడికి చావు భయం లేదు గనుక చెయ్యి మెత్తగా వుంటుంది. నేల ముంచుకొస్తుంటే అదే చెయ్యి బిగుసుకుంటుంది. అందుకే అనుభవజ్ఞులు సిమ్యులేటరులో కావాలనే అన్యాయమైన పనులు ఇస్తారు: ఎదురుగాలి మారుస్తారు, కదిలే గుర్తును వదలకుండా వెంబడించమంటారు. భయాన్ని తేలేరు గనుక, దాని బదులు తొందరను తెస్తారు.

ఫైనలియర్ వాళ్ళలో ఎవరికైనా ఓపిక వుంటే ఓ ప్రాజెక్టు. ఫ్లైట్‌గేర్ అనే ఉచిత ప్రోగ్రాం వుంది, మామూలు కంప్యూటరు మీద నడుస్తుంది. జాయ్‌స్టిక్ సంకేతాన్ని కొంత ఆపి పంపే చిన్న కోడు మధ్యలో రాసుకోండి. ఆలస్యాన్ని 50 నుంచి 300 మిల్లీసెకన్ల దాకా అంచెలంచెలుగా పెంచుతూ, పదిమంది చేత ల్యాండింగు చేయించండి. ఎంత ఆలస్యం పెట్టారో వాళ్ళకు చెప్పకండి. కర్ర ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగిందో లెక్క రాసి గ్రాఫు గీయండి. చివర్లో ఆలస్యం తీసేసి, ఇంకొక్క ల్యాండింగు చేయించడం మరచిపోవద్దు. నాకు అన్నిటికంటె చూడాలని వున్నది ఆ ఆఖరి వరసే. గ్రాఫు కాగితాలు డిపార్టుమెంటుకు పట్టుకొస్తే, ఏ సాయంత్రమైనా కూర్చుని చూద్దాం.