షార్టయితే ఎన్ని ఆంపియర్లు?

తమిళనాడులోని చిన్నమనూరు చుట్టూ వరి మళ్లలో, అరటి, కొబ్బరి తోటల్లో మోటార్లూ స్విచ్చుబోర్డులూ బాగుచేస్తూ నా తల నెరిసింది. మన తెలుగు ఇళ్ల కుర్రాళ్లు ఈ పనిలోకి వస్తున్నారు కాబట్టి నాలుగు మాటలు రాసిపెడుతున్నాను.

1. ముందు లెక్క కట్టండి. ట్రాన్స్‌ఫార్మర్ పలక మీద 100 కేవీఏ, 433 వోల్టులు అనుంటే ఫుల్ లోడు 133 ఆంపియర్లు. ఇంపెడెన్స్ 4.5 శాతమైతే, దాని దగ్గరే మూడు ఫేజులూ కలిసినప్పుడు పారేది దాదాపు 2,960. ఆ 4.5 శాతమే మొదటి అడ్డుకట్ట.

2. రెండు ట్రాన్స్‌ఫార్మర్లు జతకలిపితే లోడు పంచుకుంటాయి. షార్టయితే మాత్రం రెండూ కలిసి పోస్తాయి. ఆ షార్టు కరెంటు తగ్గించడానికి బస్‌బారును విడదీసి నడపడం చవకైన ఉపాయం. రియాక్టర్లూ, న్యూట్రల్ రెసిస్టర్లూ సబ్‌స్టేషన్ వాళ్ల సంగతి.

3. కరెంటు రెండింతలైతే బస్‌బార్ల మధ్య తోపుడు నాలుగింతలు. పెద్ద షార్టులో హెచ్చార్సీ ఫ్యూజు 10 మిల్లీసెకన్లలోపే కరుగుతుంది, లోపలి ఇసుక ఆర్కును ఆర్పుతుంది, కరెంటు శిఖరానికి చేరనే చేరదు. దాని బదులు రాగి తీగ మెలిపెట్టి కట్టమనేవాళ్లతో నేను వాదించను. పెట్టె మూసి వచ్చేస్తాను.

4. అందరూ ఎక్కువ కరెంటుకే భయపడతారు. నాకు తక్కువంటేనే భయం. లైను చివరి తోటకు తీగలు రానూపోనూ 2 ఓములుంటే, అక్కడ ఫేజు న్యూట్రల్‌కు తగిలినా వచ్చేది 115 ఆంపియర్లే. 63 ఆంపియర్ల ఫ్యూజు నిమిషాల తరబడి కరగదు, ఈలోగా తీగలు కాగుతుంటాయి. ఎర్తు గుంట 10 ఓములైతే ఇంకా అన్యాయం: 230ని 10తో భాగిస్తే 23. 32 ఆంపియర్ల ఫ్యూజుకు అది మామూలు లోడే! మోటారు ఒంటికి కరెంటు పాకి ఉంటుంది, తడి కాళ్లతో రైతు వచ్చి ముట్టుకుంటాడు. బొగ్గు, ఉప్పు వేసి నీళ్లు పోసినా ఎండిన గట్టు నేలలో ఓములు అంత తేలిగ్గా దిగవు. అందుకే 30 మిల్లీఆంపియర్ల లీకుకే కరెంటు తెంచే ఆర్‌సీసీబీ లేనిదే నేను కనెక్షన్ ఇవ్వను.

5. ముల్లపెరియార్ నీళ్లతో 1958 నుంచి నడుస్తున్న లోయర్ క్యాంప్ జలవిద్యుత్ కేంద్రం జనరేటర్ల లాంటివి షార్టుకు ఎన్నో రెట్లు కరెంటు పోస్తాయి. సోలార్ ఇన్వర్టర్ అలా కాదు, తన రేటింగు కన్నా కాస్త ఎక్కువిచ్చి ఆగిపోతుంది. సోలార్ పలకల వైపూ అంతే, షార్టు కరెంటుకూ నడిచే కరెంటుకూ తేడా స్వల్పం. పైగా డీసీ ఆర్కు సున్నా దాటదు, దానంతట అది ఆరదు. సోలార్ పంపు పెట్టెలో డీసీకని రాసి ఉన్న బ్రేకరే బిగించండి, ఏసీది చాలని షాపువాడు చెప్పినా సరే.