చలిగాలిలో విడిది

ఇంగ్లండు దేశమున ఎండను నమ్ముకొని విహారమునకు బయలుదేరుట సాహసమే. అట్లాంటిక్ మహాసముద్రముపై పుట్టిన అల్పపీడనములను పడమటి గాలులు ఒకదానివెనుక నొకటిగా ఆ దేశముమీదికి తరుముకొని వచ్చును. ఉదయమున ఎండ, మధ్యాహ్నమున వాన, సాయంకాలమున హోరుగాలి అక్కడ సామాన్యము. శీతకాలమున వీనికి చీకటియు తోడగును. డిసెంబరు మూడవ వారమున తూర్పుతీరమందలి స్కెగ్‌నెస్ పట్టణములో పగలు సుమారు ఏడున్నర గంటలు మాత్రమే ఉండును. నాలుగు గంటలు కాకమునుపే సూర్యుడస్తమించును. ఐనను ఆ దేశపు ప్రజలు శీతకాలపు సెలవులలో సైతము పిల్లలను వెంటబెట్టుకొని సముద్రతీరములకును అడవులకును పోయి, మూడు నాలుగు దినములు విడిది చేసి వత్తురు. అట్టి విడిది స్థలములను హాలిడే పార్కు లందురు. వానలో, చలిలో, గాలిలో వారు విహారమెట్లు సాగింతురో తెలిసికొనుట వినోదకరము. కొంత ఉపయోగకరము కూడ.

ఈ పార్కులు పుట్టుటకు వానయే ఒక కారణమనిన ఆశ్చర్యము కలుగవచ్చును. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో మిల్లులలోను గనులలోను పనిచేయు కుటుంబములు ఏడాదికొకమారు సముద్రతీరమునకు పోయి, పూటకూళ్ల ఇండ్లలో దిగెడివి. చాలచోట్ల ఆ ఇండ్ల యజమానురాండ్రు ఉదయపు ఫలాహారము ముగియగానే అతిథులను బయటికి పంపి, సాయంకాలము వరకు లోపలికి రానిచ్చెడివారు కారు. ఎండ కాసినచో చింత లేదు. వాన పట్టినచో తల్లిదండ్రులు తడిసిన బిడ్డలతో చూరులక్రింద నిలువబడి ప్రొద్దు పుచ్చవలసి వచ్చెడిది. ఏడాదిపొడుగున పైసపైస కూడబెట్టి కొనుక్కొన్న కష్టమది! వేల్సు ప్రాంతమందలి బారీ ద్వీపమున ఈ దృశ్యమును చూచి బిల్లీ బట్లిన్ అను యువకుడు మిక్కిలి నొచ్చుకొనెను. అతడు 1899లో దక్షిణాఫ్రికాయందలి కేప్‌టౌనులో జన్మించి, కెనడాలో కొంతకాలముండి, 1921లో ఇంగ్లండు చేరి, సంతలలో ఆటల అంగడి నడిపి పైకివచ్చిన వాడు. అతడు 1936 ఏప్రిలులో స్కెగ్‌నెస్ చెంత ఒక విహారశిబిరమును తెరచెను. చిన్న చిన్న కుటీరములు, భోజనశాల, నాట్యశాల, ఆటస్థలములు అన్నియు ఒకే ఆవరణలో అమర్చెను. వాన వచ్చినప్పుడు తలదాచుకొనుటకే గాక ఆడి పాడుకొనుటకును చోటు కల్పించుట అందలి విశేషము. రెండేండ్ల తరువాత, 1938లో, శ్రామికులకు వేతనముతో కూడిన సెలవు నిప్పించు చట్టమొకటి ఆ దేశమున వెలువడెను. శిబిరములకు జనము వెల్లువెత్తిరి.

కాని ఆ కుటీరములు వేసవిని దృష్టియందుంచుకొని కట్టినవి. శీతకాలమును జయించు ఉపాయము హాలండు దేశమున పుట్టినది. క్రీడాసామగ్రి వ్యాపారియైన పీట్ డెర్క్‌సెన్ అనునతడు 1968లో అడవినడుమ ఇండ్లు కట్టించి పట్టణవాసులకు అద్దెకిచ్చెను. 1980లో అతని సంస్థ మరియొక విడిదిలో గొప్ప అద్దపు కప్పుక్రింద ఈతకొలనును నిర్మించి, ఉష్ణదేశపు మొక్కలు పెంచి, లోపలి గాలిని ఎల్లప్పుడు వెచ్చగా ఉండునట్లు చేసెను. వెలుపల మంచు కురియుచుండగా లోపల పిల్లలు అరటిచెట్లవంటి మొక్కల నడుమ ఈదులాడుదురు! 1987లో ఇంగ్లండునందలి షెర్వుడ్ అడవిలోను అట్టి విడిది వెలసినది. మానవుని యుక్తికి ఇది మెచ్చదగిన నిదర్శనమే. ఐనను ఆ అద్దపుకప్పు క్రిందనే మూడు దినములును గడిపి వచ్చినవారు శీతకాలమును చూచి వచ్చితిమని చెప్పుకొనరాదని నాకు తోచును.

అట్టి చోట్ల అద్దె మెండు. సామాన్య కుటుంబములు ఎక్కువగా పోవునవి తీరమందలి కారవాను పార్కులు. కారవాననగా బండివలె చేసిన ఇల్లు. పేరునకు చక్రములున్నను అది కదలదు. గాలికి ఒరగకుండ దానిని గొలుసులతో నేలకు బిగించి కట్టుదురు. రెండు మూడు పడక గదులు, చిన్న వంటయిల్లు, స్నానపుగది అందుండును. వేసవిలోకంటె శీతకాలమున అద్దె తక్కువ. చౌకగా దొరకునది చల్లగా ఉండుట సహజమే కదా! గోడలు పలుచన. రాత్రివేళ వానచినుకులు కప్పుమీద పడుచుండ, డప్పులు మ్రోగినట్లుండును. తొలిరాత్రి పిల్లలకు నిద్ర పట్టదు. రెండవ రాత్రికి ఆ చప్పుడే జోలపాట యగును.

కారవానులో చలికంటె ముందుగా బాధించునది చెమ్మ. నలుగురైదుగురు మనుష్యుల ఊపిరి, పొయ్యిమీది కెటిలు ఆవిరి, ఆరవేసిన తడిబట్టలు, వీనివలన లోపలి గాలిలో నీటియావిరి నిండును. అది చల్లని కిటికీ అద్దమును తాకగానే నీరై కారును. తెల్లవారుసరికి పరుపు అంచులు సైతము తడియగును. చలికి జడిసి కిటికీలన్నియు బిగించుకొన్నకొలది ఈ చెమ్మ హెచ్చును. కావున అనుభవజ్ఞులు వంటవేళ కిటికీని కొంచెము తెరచియుంతురు; తడిబట్టలను స్నానపుగదిలో ఆరవేసి తలుపు మూయుదురు; తడిబూట్లను గుమ్మముచెంతనే విడుతురు. చలిలో కిటికీ తెరచుట విపరీతముగా తోచును గాని, పొడిగాలి తడిగాలికంటె త్వరగా వేడెక్కును.

దీనికంటె పెద్ద ప్రమాదమొకటి కలదు. కారవాను గోడలకును నేలకును గాలి ఆడుటకై చిన్న రంధ్రములుంచుదురు. వానినుండి చలిగాలి దూరుచున్నదని కొందరు గుడ్డలు క్రుక్కుదురు. ఆరుబయట మాంసము కాల్చుకొనుటకు తెచ్చిన బొగ్గుల కుంపటిని, నిప్పు చల్లారినదనుకొని, వెచ్చదనమునకై లోపలికి తెచ్చుకొందురు. బొగ్గు మండునపుడు ప్రాణవాయువు చాలకున్నచో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తములో చేరి ప్రాణవాయువునకు చోటులేకుండ చేయును. మొదట తలనొప్పి, పిమ్మట వికారము, ఆపై మగత. నిద్రించువారు మరల లేవకపోవచ్చును. చలికాలమున ఇట్లు కుటుంబములకు కుటుంబములే మరణించుట పలుదేశములలో జరిగినది. మన్యపు గ్రామములలో మూసిన గదిలో కుంపటి పెట్టుకొని పండుకొనువారికిని ఈ ప్రమాదమే గలదు. ఈ వాయువును పసిగట్టి కూతపెట్టు చిన్న యంత్రములు నేడు దొరకుచున్నవి. తెలివిగల తండ్రి కారవానులో అడుగుపెట్టగానే పరుపుల మెత్తదనమును గాక, ఆ యంత్రము పనిచేయుచున్నదా లేదా అను సంగతిని ముందు చూచును.

గ్యాసు విషయమునను ఒక చిత్రము కలదు. బ్యూటేను అను గ్యాసు సుమారు సున్న డిగ్రీలకు దిగువను ఆవిరి కాజాలదు. ప్రొపేను -42 డిగ్రీల వరకు ఆవిరి కాగలదు. వేసవిలో బ్యూటేను సిలిండరుతో చక్కగా వంట చేసికొన్నవారు మంచు రాత్రి అదే సిలిండరును త్రిప్పినచో, అందు గ్యాసు నిండుగా ఉన్నను పొయ్యి వెలుగదు. కావుననే ఆ దేశమున చలికాలమున ప్రొపేనునే వాడుదురు. మన ఇండ్లలోని వంటగ్యాసు ఈ రెండింటి మిశ్రమమే.

ఇక బయట తిరుగుటనుగూర్చి చెప్పవలెను. అయిదు డిగ్రీల చలిలో గంటకు 40 కిలోమీటర్ల గాలి వీచినచో శరీరమునకు అది సున్న డిగ్రీల చలివలె తోచును. ఒంటికి అంటుకొన్న వెచ్చనిగాలి పొరను ఈదురుగాలి కొట్టుకొని పోవుటయే దీనికి కారణము. ఒక లావుపాటి కోటుకంటె పలుచని ఉన్నిబట్టలు రెండు మూడు ఒకదానిపై నొకటి తొడిగికొనుట మేలు. ఆ బట్టల నడుమ చిక్కిన గాలియే కంబళమగును. పైన వాననీరు దూరని అంగీ ఉండవలెను. గొడుగు మాత్రము వలదు. సముద్రపు గాలిలో గొడుగు తెరచినవాడు నవ్వులపాలగును. వాన తెరపి యిచ్చినప్పుడెల్ల గంటయో అరగంటయో నడచి వచ్చుట, చీకటి పడగానే చదరంగమో పేకయో పరచి కూర్చుండుట అక్కడి పెద్దల పద్ధతి. చిన్నపిల్లలు బురదగుంటలలో దుముకుటకే వచ్చితిమనుకొందురు. పదునాలుగు, పదునైదేండ్ల వారిని మెప్పించుట మాత్రము ఏ వాతావరణమునందును కష్టమే.

వానను, చలిని ఓర్చుకొనవచ్చును. తుపానుగాలితో పంతము పనికిరాదు. 1859 అక్టోబరులో రాయల్ చార్టర్ అను ఓడ వేల్సు తీరమున తుపానులో చిక్కి బ్రద్దలై సుమారు 450 మంది మరణించిరి. అప్పటి వాతావరణ శాఖాధిపతియైన ఫిట్జ్‌రాయ్ ఆ దుర్ఘటన చూచి, 1861లో తుపాను హెచ్చరికలను తంతిమూలమున రేవులకు పంపు ఏర్పాటు గావించెను. రేవులలో స్తంభములపై శంకువులను, పీపాలవంటి గుర్తులను ఎగురవేసెడివారు. మన విశాఖపట్టణమందును మచిలీపట్టణమందును ఎగురవేయు ప్రమాద సూచికలు ఈ జాతికి చెందినవే. నేడు ఆ శాఖ పసుపు, నారింజ, ఎరుపు రంగులతో హెచ్చరికలు చేయుచున్నది. మన వాతావరణ శాఖయు ఇట్టి రంగులనే వాడుచున్నది. 2015 నుండి అక్కడి తుపానులకు పేర్లు పెట్టుచున్నారు.

2021 నవంబరు 26న ఆర్వెన్ అను తుపాను ఆ దేశపు ఈశాన్యతీరమును తాకెను. అంతకుముందే వాతావరణ శాఖ ఎరుపు హెచ్చరిక చేసియుండెను. నార్తంబర్లండు మండలమున గాలి గంటకు 158 కిలోమీటర్ల వేగముతో వీచెను. లెక్కకు మించిన వృక్షములు కూలెను. చెట్లు మీదపడి ముగ్గురు చనిపోయిరి. పదిలక్షలకు పైగా ఇండ్లకు విద్యుత్తు నిలిచిపోయెను. కొన్నివేల ఇండ్లకు వారము దాటినను రాలేదు. ఊహింపుడు: అట్టిదినమున ఒక కుటుంబము ఆరు నెలలు ముందుగా సొమ్ము చెల్లించి, సంచులు సర్దుకొని, బండి సిద్ధముచేసికొని ఉన్నది. పిల్లలు వీథిగుమ్మములో నిలబడియున్నారు. సొమ్ము తిరిగి వచ్చునో రాదో తెలియదు. అప్పుడు సంచులు విప్పుటకు, ఏడ్చు పిల్లలను ఊరడించుటకు, గాలికి ఎదురేగుటకంటె ఎక్కువ ధైర్యము కావలయును. అప్పటికే విడిది చేరియున్నవారు చెట్లక్రింద బండి నిలుపరాదు, సముద్రపుగోడపై నిలిచి అలలను చూడరాదు. పార్కు నిర్వాహకులు చెప్పినచో కారవానును విడిచి గట్టి భవనమునకు వెడలిపోవలెను.

తుపాను వెలిసిన మరునాడు తీరము వేరొక రూపము దాల్చును. దక్షిణతీరమున డార్సెట్ మండలమునందు లైమ్ రీజిస్, చార్మత్ అను ఊళ్లు కలవు. వాని చెంత హాలిడే పార్కులు అనేకము. అచటి కొండచరియలు కోట్ల ఏండ్లనాటి సముద్రపు బురద గట్టిపడి ఏర్పడినవి. చలికాలపు అలలు ఆ చరియలను కోసి, లోపల దాగిన శిలాజములను ఇసుకపైకి తెచ్చును. 1799లో లైమ్ రీజిస్‌లో పుట్టిన మేరీ ఆనింగ్ అను వడ్రంగివాని కూతురు, తండ్రి పోయిన పిదప, ఈ శిలాజములను ఏరి అమ్మి కుటుంబమును పోషించెను. 1811లో ఆమె సోదరునికి ఒక వింతజంతువు పుఱ్ఱె దొరకెను. మరుసటి ఏడు ఆమె దాని తక్కిన అస్థిపంజరమును కనుగొనెను. అది ఇక్తియోసారు అను ప్రాచీన సముద్రసరీసృపము. 1823లో ప్లీసియోసారు అను మరియొక జంతువు సంపూర్ణ కంకాళమును ఆమె వెలికితీసెను. ఆమె ముఖ్యముగా వెదకినది వేసవిలో గాదు, తుపానుల పిమ్మట, చలికాలముననే. 1833లో చరియ విరిగిపడి ఆమె పెంపుడుకుక్క ఆమె కన్నులయెదుటనే మరణించెను.

నేటికిని అచటికి పోవు కుటుంబములు ముందుగా పోటు పాటుల వేళలను చూచుకొని, సముద్రము వెనుకకు తగ్గుచున్నప్పుడు బయలుదేరి, చరియల మొదలికి చేరక ఎడముగా నడచుచు, తడి గులకరాళ్ల నడుమ వెదకుదురు. చేతులు కొంకర్లు పోవును, ముక్కులు ఎఱ్ఱబడును. సాధారణముగా దొరకునది అమ్మోనైటు. పొట్టేలుకొమ్మువలె చుట్టలు తిరిగిన గవ్వరాయి. దానిని కోటు జేబులో వేసికొని పిల్లలు చీకటిపడకముందే కారవానుకు తిరిగివత్తురు.