బీపీ వస్తే నిహారీ మానాలా?

ప్రశ్న: వయసు 48. శాలిబండలో బట్టల దుకాణం. కూర్చునే పని. రోజూ ఐదు ఇరానీ చాయ్‌లు, ఉస్మానియా బిస్కెట్లు, వారానికి రెండుసార్లు నిహారీ. మొన్న బీపీ 150/95 ఉంది. గుండెకు ముప్పా?

జవాబు: ఒక్కసారి చూసిన అంకెతో బీపీ నిర్ధారణ కాదు; వేర్వేరు రోజుల్లో, ఐదు నిమిషాలు ఊరికే కూర్చున్నాక చూడాలి. అప్పుడూ ఎక్కువే ఉంటే ముప్పు నిజమే. ఆ ఒత్తిడికి రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని, కొవ్వు పేరుకుంటుంది. నొప్పి ఉండదు, అందుకే చాలామంది పట్టించుకోరు.

ముందు తగ్గాల్సింది ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపే, అంటే ఒక టీస్పూను. ఊరగాయ, సాలన్‌తో పాటు తియ్యగా అనిపించే ఉస్మానియా బిస్కెట్‌లోనూ ఉప్పుంటుంది. పంచదారా తగ్గాలి: చాయ్‌కి రెండు చెంచాల చొప్పున ఐదింటికి 40 గ్రాములు. రెండు చాయ్‌లు చాలు, బిస్కెట్ లేకుండా.

నిహారీని పూర్తిగా మానమంటే ఎవరూ వినరు. నెలకు ఒకటి రెండుసార్లు, పైన తేలే కొవ్వు తీసేసి, ఒకే నాన్‌తో తినవచ్చు. మిగతా రోజుల్లో పప్పు, ఆకుకూర, చేప, జొన్నరొట్టె. పొగాకు, గుట్కా మాత్రం పూర్తిగా మానాలి.

వారానికి 150 నిమిషాల చురుకైన నడక అవసరం. దుకాణాలు తెరవకముందు చార్మినార్ పరిసరాలు అందుకు అనువు.

బీపీ తగ్గకపోతే షుగర్, కొలెస్ట్రాల్, ఈసీజీ పరీక్షలతో వైద్యుణ్ని కలవాలి. ఛాతీ బిగుసుకుపోవడం, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట, ఆయాసం ఉంటే గ్యాస్ అనుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి.