నిలబడి రాసే బల్ల

బెంచీ ఎక్కి నిలబడటం మీకు శిక్ష కదూ! ఇంగ్లండులో స్థానిక పాలక సంస్థల ఉద్యోగులు కొందరికి ఎత్తు మార్చుకోగల బల్లలిచ్చి, అప్పుడప్పుడు నిలబడి పనిచేయమన్నారు. 2022లో వెలువడిన ఆ పరిశోధనలో, ఇవేమీ అందనివారితో పోలిస్తే, ఏడాది తర్వాత వారు రోజుకు సుమారు గంట తక్కువగా కూర్చుంటున్నారు. సలహాలు మాత్రమే అందినవారికి తగ్గింది 22 నిమిషాలే.

నిలబడటమే వ్యాయామమనుకోకండి. గంటకు అదనంగా ఖర్చయ్యేది సుమారు 9 కిలోకేలరీలు. ఒక్క అరటిపండుకు పదిగంటలు చాలవు! మరి లాభమేమిటి? కాళ్ళలోని రక్తం గుండెకు ఎగబాకాలి. పిక్క కండరం బిగిసినప్పుడల్లా సిరలను నొక్కి రక్తాన్ని పైకి తోస్తుంది. సిరల్లోని కవాటాలు దాన్ని మళ్ళీ దిగనివ్వవు. కదలక కూర్చుంటే ఈ పంపు దాదాపు ఆగినట్లే. కొయ్యలా నిలబడినా అంతే. కవాతులో కొందరు కళ్ళు తిరిగి పడేది అందుకే!

పిక్కమీద చెయ్యివేసి, మడమలెత్తి దించండి. పంపు బిగియడం మీకే తెలుస్తుంది.